అడుగు పొర నుసుము

మా మ్యూజియం వెనకవైపు మెట్లు దిగి కుడికి తిరిగితే నీళ్ల పంపు పక్కన ఒక గది ఉంది. అందులో రెండు సాన చక్రాలు, ఒక మైక్రోస్కోపు, ఒక కిటికీ, నేను. ముప్ఫై రెండేళ్లుగా ఆ గదిలో కూర్చుని అంబర్ రాళ్లు అరగదీస్తున్నాను. అంబర్ అంటే పాతకాలపు చెట్టు బంక. కోట్ల ఏళ్ల కిందట ఏ బెరడు నుంచో కారి, దారిన పోయే పురుగునో పుట్రనో తనలో కలిపేసుకుని, మట్టి కింద గట్టిపడిపోయింది. పైకి చూస్తే అరిగిపోయిన సబ్బు ముక్కలా ఉంటుంది. లోపల ఏముందో తెలియాలంటే ఒక పక్క నున్నగా చదును చేయాలి. దాన్ని మేం కిటికీ తెరవడం అంటాం. తక్కువ అరగదీస్తే పురుగు కనపడదు. ఎక్కువ అరగదీస్తే పురుగే ఉండదు. రెండింటికీ మధ్య వెంట్రుకవాసి తేడా, నాకు జీతం ఇచ్చేది ఆ వెంట్రుక కోసమే.

అందరూ నన్ను సానమ్మ అంటారు. నా నోటికి జడిసి రాళ్లని గుమ్మంలోనే పెట్టి జారుకునేవాళ్లూ ఉన్నారు. రాయితో పాటు ఉండే చీటీ సరిగా రాయకపోతే నేను ఊరుకోను మరి. అది ఎక్కడ దొరికింది, ఏ లోతున దొరికింది, ఎవరు ముట్టుకున్నారు, ఏం చేశారు, అన్నీ చీటీ మీద ఉండాలి. చీటీ లేని రాయి ఉంగరాలు చేసేవాళ్లకి పనికొస్తుంది గానీ మాకు కాదు.

నాకు జడవనిది ఒక్కతే, నా తమ్ముడి కూతురు. మా ఇంట్లోనే ఉండి చదువుకుని, ఇప్పుడు పై అంతస్తులో పరిశోధన చేస్తోంది. మిగతావాళ్లు నాకు రాయి ఇచ్చే ముందు ఆరు వైపులా ఫోటోలు తీసుకుంటారు. నా చేయి జారితే కనీసం బొమ్మయినా మిగులుతుందని వాళ్ల ముందు జాగ్రత్త. ఇది మాత్రం నేరుగా తెచ్చి నా అరచేతిలో పెట్టేస్తుంది.

"ఫోటోలు తీశావుటే?" అంటే, "నీ చేతికివ్వడానికి ఫోటోలు ఎందుకత్తా" అంటుంది. నేను పైకి విసుక్కుని లోపల పొంగిపోయేదాన్ని.

మూడేళ్లుగా దాని ప్రాణమంతా ఒక నుసుము మీద ఉంది. నుసుమంటే తెలుసుగా, కుళ్లిన పండ్ల మీదా మోరీల మీదా ముసిరే, దోమ కన్నా చిన్న పురుగు. మా దగ్గరున్న రాళ్లలో ఎక్కువ భాగం ఒకే గని నుంచి వచ్చాయి. ఆ గనిలో మూడు పొరలు. అడుగు పొర నాలుగు కోట్ల ఏళ్లది, నడిమి పొర మూడు కోట్లది, పై పొర రెండు కోట్లది. పాత సొరుగులో దానికి అడుగు పొర రాయి ఒకటి దొరికింది. అందులో ఒక నుసుము. దాని రెక్కలో నడిచే ఈనె సరిగ్గా రెక్క కొసదాకా వెళ్లి ఆగింది. ఇవాళ మన వంటగదిలో ఎగిరే నుసుము రెక్కలోనూ అంతే.

"నాలుగు కోట్ల ఏళ్లుగా ఒక్క ఈనె కూడా మార్చుకోలేదత్తా!" అంది ఆ రోజు ఇంటికొచ్చి.

"మీ మామయ్య చొక్కాలాగా" అన్నాను. మామయ్య, అంటే మా ఆయన, బస్సు డ్రైవరు. ఆదివారం కూడా యూనిఫాం చొక్కాయే వేసుకుంటాడు.

ఒక చిక్కు మాత్రం ఉండేది. మూడు పొరల్లో కలిపి ఇంకో పదకొండు నుసుములు దొరికాయి. వాటిలో ఈనె కొసదాకా వెళ్లినట్టు లేదు, మధ్యలోనే ఎక్కడో రెక్క అంచుకి తగిలి ఆగిపోయినట్టుంది. ఆ రాళ్లకి కిటికీలు సరిగా లేక రెక్కలు పక్కవాటుగా కనపడుతున్నాయి. మట్టి బరువుకి నలిగి వంకర పోయాయని, అడుగున ఉన్నదే ఇవాళ్టి దానిలా ఉన్నప్పుడు వీటిని పట్టించుకోనక్కర్లేదని, ఆ పదకొండింటినీ ఒక డబ్బాలో వేసి పైన 'వంకరవి' అని రాసి పక్కన పెట్టేసింది.

శుక్రవారం మ్యూజియం కమిటీ ముందు ఆ నుసుము గురించి మాట్లాడాలి. అది బాగా జరిగితే ఉద్యోగం ఖాయం. మంగళవారం మధ్యాహ్నం ఆ రాయిని నా చేతిలో పెట్టింది.

"రెక్క కొస దగ్గర కొంచెం మసగ్గా ఉందత్తా. ఒక్క వెంట్రుక తియ్యవా, తెర మీద మెరిసిపోవాలి."

తడి చక్రం మీద పట్టినప్పుడు నాకేమీ తెలియలేదు. చివర్లో పొడి తోలు మీద మెరుగు పెడతాం. అప్పుడు రాయి వేడెక్కి వాసన వస్తుంది. అంబర్ వాసన నాకు నిద్రలో కూడా తెలుసు, అప్పుడే కోసిన చెక్కలా ఉంటుంది. ఆ రోజు వచ్చింది అది కాదు. కాలిన ప్లాస్టిక్ బొత్తాం వాసన. తోలు మీద చూస్తే తెల్లటి పొడి బదులు జిగట ఉండలు.

రాయిని వెలుతురులో తిప్పి చూశాను. ఒక మూలన, తెలిసినవాళ్లకి తప్ప కనపడని సన్నటి గీత. ఆ గీత నాది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. నాకు పని నేర్పిన పెద్దాయన మహా కోపిష్టి. రాయికి అతుకు పడితే చీటీ మీద రాసి తీరాలన్నది ఆయన నియమం. ఒక రోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఈ రాయి నా చేతిలోంచి జారి నేల మీద పడింది. కందిగింజంత ముక్క ఎగిరి మోరీలో పడి కొట్టుకుపోయింది. ఖాళీలో తేటగా ఉండే జిగురు పోసి, కిటికీ దగ్గర ఆరబెట్టి, ఆయన వచ్చేలోపు పైపైన మెరుగు పెట్టి, కళ్లెత్తి సరిగా చూడను కూడా చూడకుండా సొరుగులో పెట్టేశాను. చీటీ మీద రాయలేదు. ఆ కిటికీ కింద మోరీ మీద నుసుములు గుంపులు గుంపులుగా ముసిరేవి. వాటిలో ఒకటి జిగురులో దిగి ఉంటుందని నాకెలా తెలుస్తుంది? కానీ అతుకు వేశానని తెలుసు కదా. చీటీలు సరిగా రాయలేదని ముప్ఫై ఏళ్లుగా లోకాన్నంతా తిట్టిపోసిన మనిషిని నేనే.

చక్రం ఇంకా తిరుగుతోంది. నిజం చెప్పేస్తున్నాను, ఆ నిమిషంలో నా బుద్ధి గడ్డి తింది. ఇంకో రెండు చుట్లు పడితే ఆ నుసుము పొడైపోతుంది. "చేయి జారిందే అమ్మాయ్" అంటే సరిపోతుంది. ఏడుస్తుంది, నన్ను తిడుతుంది, రెండు రోజులకి క్షమిస్తుంది కూడా. అయితే రెక్క ఫోటోలు దాని దగ్గర చాలానే ఉన్నాయి. రాయి పోయినా శుక్రవారం వాటితోనే మాట్లాడుతుంది. నా మోరీ నుసుముని నాలుగు కోట్ల ఏళ్లదని నలుగురి ముందూ నిలబడి చెబుతుంది. ఏదో ఒక రోజు ఎవరో పట్టుకుంటారు, అప్పుడు నవ్వులపాలయ్యేది అది. స్విచ్ ఆపేశాను.

నేను పై అంతస్తుకి వెళ్లడం అరుదు. నన్ను చూసి కుర్చీలోంచి లేచింది.

"ఏంటత్తా, రాయికేమైనా అయిందా?"

"రాయి బాగానే ఉంది. ఆ నుసుము అంబర్‌లో లేదే."

"మరెక్కడుంది?"

"జిగురులో. నేను పోసిన జిగురులో."

నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. అంతా చెప్పాను. ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విని, తలుపు మూసి, లైట్లు ఆర్పి, అతినీలలోహిత కిరణాల ఊదా దీపం వెలిగించింది. నకిలీ రాయేమోనన్న అనుమానం వస్తేనే దాన్ని బయటికి తీస్తారు. ఆ దీపం కింద అంబర్ లేత నీలంగా వెలుగుతుంది. రాయంతా నీలంగా వెలిగింది. ఒక్క మూల మాత్రం సుద్దముక్కలా తెల్లగా ఉంది. ఆ తెలుపు మధ్యలో రెక్కలు చాపుకుని నుసుము.

"మూడేళ్లు అత్తా" అంది. "మూడేళ్లుగా దీని గురించి ఇంట్లో అన్నం తింటూ చెబుతూనే ఉన్నాను. నీకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదా?"

"నువ్వు రెక్క బొమ్మే చూపించావు గానీ రాయి చూపించలేదు. మర్చిపోయానే."

"మర్చిపోయావా, మర్చిపోవాలనుకున్నావా?"

రెండోదే నిజం. అది రాయిని నా చేతిలోంచి తీసుకుంది. ఎప్పుడూ నా చేతిలో పెట్టే పిల్ల, తీసుకోవడం అదే మొదటిసారి. దాని ఉద్యోగం పోతుందేమోనన్న దిగులు ఒక పక్క. ఇక జన్మలో నా చేతికి రాయి ఇవ్వదన్న భయం ఇంకో పక్క. సిగ్గు లేకుండా చెబుతున్నాను, రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెంచా చప్పుడు తప్ప మాట లేదు. మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి, "ఎవరైనా పోయారా?" అన్నాడు.

"ఒక నుసుము పోయింది మామయ్యా" అని కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆయనకి సంగతంతా చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. "నా మీద మాత్రం స్కూటరుకి గీత పడితే నెల రోజులు అరిచావు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది గానీ ఆయన అన్నది నిజమే.

బుధవారం పొద్దున నేను గది తాళం తీసేసరికి అది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో 'వంకరవి' అన్న డబ్బా.

"అడుగు పొరది అబద్ధమైతే వీటిని వంకరవి అనడానికి నాకేం ఆధారం ఉంది?" అంది. "రాత్రంతా అదే ఆలోచించాను. దాన్ని పట్టుకునే కదా వీటిని పక్కన పడేసింది. రెక్కలు నేరుగా చూడాలి. పదకొండింటికీ కొత్త కిటికీలు కావాలి, రేపు సాయంత్రానికి. కుదురుతుందా?"

"కుదరదు. ఇటివ్వు."

డబ్బాతో పాటు ఒక కాగితాల కట్ట కూడా బల్ల మీద పెట్టింది. పదకొండు రాళ్లు, ఒక్కోదానికి ఆరు వైపులా ఆరు ఫోటోలు, అంకెలతో సహా. నా వైపు చూడకుండా, "ఫోటోలు తీసుకున్నాను" అంది.

"మంచి పని చేశావు" అన్నాను.

ఆ రోజంతా నా వెనకే నిలబడింది. చక్రం మీద రాయి పెట్టిన ప్రతిసారీ దాని ఊపిరి నా మెడకి తగులుతూనే ఉంది. ఇంకెవరైనా అయితే ఆ క్షణమే బయటికి తరిమేదాన్ని. నోరు మూసుకుని పని చేశాను. రెక్క ఎటు వాలి ఉందో మైక్రోస్కోపులో చూసుకోవడం, ఆ వాలుకి సమానంగా రాయిని పట్టుకోవడం, పది లెక్కపెట్టేంతసేపు అరగదీయడం, కడగడం, మళ్లీ చూడటం. సాయంత్రానికి ఆరు రాళ్లయ్యాయి. ఇద్దరం బస్సులో పక్కపక్కన కూర్చుని, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంటికి వెళ్లాం.

గురువారం ఏడో రాయి. అది నడిమి పొరది. సగం పని అయ్యాక చిన్న చప్పుడైంది. ఈ చప్పుడు పక్కగదిలో వాళ్లకి కూడా వినపడదు, నాకు మాత్రం పిడుగు పడ్డట్టు వినపడుతుంది. చక్రం ఆపాను.

"పగిలింది" అన్నాను.

మైక్రోస్కోపు కింద పెట్టి ఇద్దరం చూశాం. నుసుముకి ఏం కాలేదు. పగులు దానికి చాలా దూరంలో ఉంది.

"రాసుకో" అన్నాను. "ఏడో రాయి. ఎడమ మూల. బియ్యపుగింజలో సగం ముక్క. ఈ రోజు తేదీ. నా చేతిలో."

చీటీ తీసి రాసింది. చివరి రెండు మాటల దగ్గర కలం కాస్త ఆగింది గానీ అవీ రాసింది. తరవాత చీటీ ఆరేదాకా ఊది, డబ్బాలో పెట్టి, "నాకు పైన పనుంది. నువ్వు కానివ్వు" అని మెట్లెక్కి వెళ్లిపోయింది. బల్ల మీద సగంలో ఉన్న ఏడోది కాక ఇంకా నాలుగు రాళ్లున్నాయి. నేను ఒక్కదాన్నే ఉన్నాను. కళ్లు మసకబారితే ఈ పని చేయకూడదని కాసేపు పంపు దగ్గర నిలబడి మొహం కడుక్కున్నాను.

సాయంత్రం ఐదింటికి పదకొండు రెక్కలూ దాని తెర మీద వరసగా ఉన్నాయి. ఒక్కటి కూడా వంకరది కాదు. అడుగు పొర నుసుములు మూడు, వాటిలో ఈనె రెక్క సగం దాకా వచ్చి అంచుని తాకింది. నడిమి పొరవి ఐదు, వాటిలో ముప్పాతిక దాకా వచ్చింది. పై పొరవి మూడు, వాటిలో ఇంచుమించు కొసదాకా వచ్చేసింది. అది కొలిచింది, మళ్లీ కొలిచింది, నన్ను కూడా కొలవమంది.

"నడుస్తోందత్తా" అంది. రెండు రోజుల తరవాత నా మొహం వైపు చూసి మాట్లాడింది. "చూడు, రెండు కోట్ల ఏళ్లలో ఈ సగం నుంచి ఈ కొసకి నడిచింది. మారలేదని నేను మూడేళ్లు గొంతు చించుకుంటే, ఇది నా డబ్బాలోనే కూర్చుని నడుస్తోంది."

"ఎంత దూరం నడిచిందేంటి?"

"ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు."

"ఫరవాలేదు, మన ఆఫీసులో ఫైలు కన్నా నయం."

ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నిజానికి నాకు చెప్పలేనంత ఆశ్చర్యంగా ఉంది. వీటిలో ఏ నుసుముకీ తాను మారుతున్నానని తెలియదు. ప్రతిదీ అచ్చం వాళ్లమ్మలాగే ఉన్నాననుకునే బతికి ఉంటుంది. కొంచెం తేడాగా పుట్టినవి కొంచెం బాగా ఎగిరి ఉంటాయి, ఇంకొంచెం ఎక్కువ పిల్లల్ని పెట్టి ఉంటాయి. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేదు. ముప్ఫై రెండేళ్లుగా పురుగులకి కిటికీలు తెరుస్తున్నాను గానీ, వాటిని వరసలో పెట్టి చూడటం నాకదే మొదలు. ఒక రాయిలో పురుగు మాత్రమే కనపడుతుంది. పదకొండు రాళ్లలో కాలం కనపడింది.

శుక్రవారం పదకొండింటికి పెద్ద హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆ హాల్లో నాకేం పని ఉంటుంది, ఎప్పుడూ వెళ్లలేదు. మా పిల్ల మొదట్లోనే చెప్పేసింది, మూడేళ్లుగా తాను నమ్మింది తప్పని. ముందు వరసలో ఎవరో గొణిగారు. తరవాత రెక్కలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి, సగం, ముప్పాతిక, కొస. గొణుగుడు ఆగిపోయింది. చివర పన్నెండో రెక్క వచ్చింది.

"ఇది ఇవాళ్టి నుసుము" అంది. "దీన్నే నేను నాలుగు కోట్ల ఏళ్లదనుకున్నాను. అసలు వయసు ముప్ఫై ఒక్క ఏళ్లు."

హాలంతా నవ్వింది. మంచి నవ్వే. డైరెక్టరు గారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని, "ఆ అతుకు సంగతి చీటీ మీద ఎందుకు లేదు? ఎవరు వేశారది?" అని అడిగారు.

"పాత సంగతండీ" అంది అది, కాగితాలు సర్దుతూ. "రికార్డు ఏమీ లేదు."

అది నన్ను కాపాడుతోంది. కాపాడటానికి, సరిగ్గా నేను చేసిన పనే చేస్తోంది. తెలిసింది చీటీ మీదికి రాకుండా చేస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను.

"రికార్డు నేనేనండీ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "అతుకు నేనే వేశాను. చేరిన ఏడాది రాయి పగలగొట్టి, తిడతారని దాచాను. రాయాల్సింది, రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు."

వెనక్కి తిరిగిన తలలన్నీ నన్నే చూస్తున్నాయి. డైరెక్టరు గారు కూడా చూసి, మళ్లీ వేదిక వైపు తిరిగారు.

"పదకొండు రాళ్లు చాలవు. ఈ మాట నిలబడాలంటే గనిలో దొరికినవన్నీ చూడాలి, నూట అరవై దాకా ఉంటాయి. రెండేళ్ల పని. చేస్తానంటే ఆ రెండేళ్లకి ఉద్యోగం నేను రాసిస్తాను. రాళ్లని మాత్రం బయట మిషన్ మీద చేసేవాళ్లకి పంపుదామా?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో హాల్లో అందరికీ తెలుసు. అందరికన్నా ముందు నాకు తెలుసు. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. నేనే అక్కడ ఉన్నా అదే అడిగేదాన్ని. తల దించుకున్నాను.

"వద్దండి" అంది నా మేనకోడలు. మైకు అక్కర్లేనంత గట్టిగా అంది. "మా అత్త చేస్తుంది. పగిలితే పగిలిందని చెబుతుంది."

డైరెక్టరు గారు కాగితం మీద ఏదో రాసుకుని, "సరే" అన్నారు. తరవాతి ప్రశ్న ఇంకెవరో అడిగారు, అది నేను వినలేదు. పక్కనున్నావిడ నా చేయి పట్టుకుని మెల్లగా లాగితే, అప్పుడు కూర్చున్నాను.